ఫీజు కట్టిన రోజు నుంచి మెమో చేతికొచ్చేదాకా: అనంతపురంలో నా ఫుడ్ ప్రొడక్షన్ పరీక్షలు

2025 మే 14న మార్కుల మెమో నా చేతికి వచ్చింది. పరీక్ష ఫీజు కట్టింది ఫిబ్రవరి 17న. మధ్యలో 86 రోజులు. ఏ రోజు ఏం జరిగింది, ఎంత ఖర్చయింది, మార్కులు ఎక్కడ పోయాయి అన్నీ ఇంకా గుర్తున్నాయి కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. మెస్సో, కర్రీ పాయింటో నడుపుకుంటూ ముప్పై దాటాక ఈ ఫుడ్ ప్రొడక్షన్, అంటే హోటల్ వంట కోర్సులో చేరాలనుకునే ఆడవాళ్లు మా ఊళ్లోనే చాలామంది ఉన్నారు. "నీకు వంట వచ్చు కదా, ఇంకేం అడుగుతారు" అని నాతో అన్నవాళ్లే వాళ్లతోనూ అంటారు. ఆ మాట నమ్మి వెళ్తే నాలాగే ఇబ్బంది పడతారు.

నేను, మా అత్త కలిసి పాతూరులో తొమ్మిదేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాం. ఒక కాలేజీ క్యాంటీన్ కాంట్రాక్టు అడగడానికి వెళ్తే, వండేవాళ్లలో ఒకరికైనా ఫుడ్ ప్రొడక్షన్ సర్టిఫికెట్ ఉండాలన్నారు. అందుకే 2024 జూన్‌లో ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో డిప్లొమాలో చేరాను. మధ్యాహ్నం బేరం అయ్యాక 2 గంటల నుంచి 5 దాకా క్లాసులు. 22 మందిలో నేనే పెద్దదాన్ని, నాకు 33 ఏళ్లు. పిల్లలంతా అక్కా అనే పిలిచేవాళ్లు.

పరీక్ష ఫీజు 1,800 రూపాయలు. ఫీజు కట్టిన రోజే రికార్డు పుస్తకం పూర్తి చేసి తెమ్మన్నారు. సంవత్సరమంతా చేసిన ప్రాక్టికల్స్ అందులో రాయాలి, ప్రతి పేజీ మీద మేడమ్ సంతకం ఉండాలి. నాకు 11 పేజీల మీద సంతకాలు లేవు. పండగ ఆర్డర్లున్న రోజుల్లో క్లాసు మానేసిన ఫలితం అది. ఆ 11 వంటలూ మళ్లీ చేసి చూపిస్తేనే సంతకం పెడతానన్నారు మేడమ్. మార్చి మొదటి రెండు వారాలు దానికే పోయాయి. చేరాలనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: ఏ రోజు సంతకం ఆ రోజే చేయించుకోండి.

ఆ రికార్డులోనే నాకు మొదటి పెద్ద దెబ్బ తగిలింది. ప్రతి వంటకూ పదార్థాలు, కొలతలు రాయాలి కదా. నేను మామూలుగా రాసుకుపోయాను. ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) నాలుగు, తెల్లగడ్డ (వెల్లుల్లి) ఒకటి, ఉప్పు తగినంత, నూనె తగినంత. మేడమ్ ఎర్ర పెన్నుతో "తగినంత" అన్న ప్రతిచోటా కొట్టేశారు. "ఎవరికి తగినంత అమ్మా? నలుగురికా, నాలుగు వందల మందికా? రేపు నువ్వు లేని రోజు నీ క్యాంటీన్‌లో ఇంకొకరు వండాలంటే ఈ కాగితం చూసి వండగలగాలి" అన్నారు. కోపంగా అనలేదు, నెమ్మదిగానే అన్నారు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిదేళ్లలో నేను ఉప్పు ఒక్కసారి కూడా తూచలేదు. చేతికి తెలుసు, కంటికి తెలుసు. ఆ తెలిసింది కాగితం మీద పెట్టాలంటే నా దగ్గర ఒక్క అంకె లేదు.

మర్నాడే గ్రాముల్లో చూపించే చిన్న తూకం మెషిన్ కొన్నాను, 450 రూపాయలు.

మార్చి 24న హాల్ టికెట్లు ఇచ్చారు. నా టికెట్ ఆపేశారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో నా పుట్టింటి ఇంటిపేరు ఉంది, ఆధార్‌లో పెళ్లయ్యాక మార్చుకున్న అత్తింటి ఇంటిపేరు. ఇద్దరూ ఒక్కరే అని నోటరీ అఫిడవిట్ తెస్తేనే ఇస్తామన్నారు. చేరినప్పుడు ఇవే కాగితాలు తీసుకున్నారు, అప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. కోర్టు దగ్గర నోటరీకి, స్టాంపు పేపరుకు, జిరాక్సులకు కలిపి 350 అయింది. డబ్బు కన్నా ఆ నాలుగు రోజుల టెన్షనే ఎక్కువ. 28వ తేదీ సాయంత్రం టికెట్ ఇచ్చారు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లు చేరిన రోజే ఈ అఫిడవిట్ చేయించి ఫైల్లో పెట్టుకోండి.

మార్చి 30న ఉగాది, 31న రంజాన్. ఏప్రిల్ 2న మొదటి థియరీ పేపర్. ఉగాదికి మా దగ్గర ఓళిగల (బొబ్బట్ల) ఆర్డర్లు ఏడాది మొత్తంలో ఎక్కువ. ఆ ఒక్క రోజు వచ్చే డబ్బుతో పిల్లల స్కూలు పుస్తకాలు కొంటాం. వదులుకోలేను. తెల్లవారుజామున 3కి లేచి పూర్ణం రుబ్బుకుంటూ, ఎదురుగా గోడకు అంటించిన కాగితం చూసి సాసుల పేర్లు చదివాను. బెషమెల్, వెలూటే, ఎస్పన్యోల్, టొమాటో, హోలండేజ్. ఫ్రెంచి వంటలో మిగతా సాసులన్నీ ఈ ఐదింటి నుంచే పుడతాయని పాఠం. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఆ పేర్లు నోరు తిరగక ఏడుపొచ్చేది. చివరికి మా వంటల వరసలో పెట్టుకుని గుర్తుపెట్టుకున్నాను. మాకూ కూరలన్నీ నాలుగైదు మూలాల మీదే నడుస్తాయి కదా: ఎర్రగడ్డ టమోటా ముద్ద, చెనిక్కాయ (వేరుశనగ) నువ్వుల పొడి, చింతపండు పులుసు, పెరుగు. వెలూటే అంటే వెన్న, మైదా వేయించి ఎముకల నీళ్లు పోసింది. బెషమెల్ అంటే అదే మైదాకు పాలు. ఇలా అనుకున్నాక భయం సగం తగ్గింది. ఓళిగలు వత్తుతూనే మా అత్త నన్ను అడిగేది, "హోలండేజ్‌లో ఏముంటాది చెప్పు పాపా" అని. గుడ్డు పచ్చసొన, వెన్న, నిమ్మరసం అని చెప్తే తలూపేది.

ఏప్రిల్ 2, మొదటి పేపర్, ఉదయం 10 నుంచి 1. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, కింద తెలుగులో ఉంది. తెలుగులో రాయొచ్చన్నారు. కూరగాయల కోతలు కొలతలతో రాయమన్నారు. జూలియెన్ అంటే అగ్గిపుల్లల్లా సన్నగా పొడుగ్గా, బ్రునాయిజ్ అంటే మూడు మిల్లీమీటర్ల చదరపు ముక్కలు. కటింగ్ బోర్డుల రంగులు అడిగారు: పచ్చి మాంసానికి ఎరుపు, పచ్చి చేపకు నీలం, సలాడ్లకూ పండ్లకూ ఆకుపచ్చ, వండిన మాంసానికి పసుపు. ఆహారం ఏ వేడిలో పాడవుతుందని ఒక ప్రశ్న. 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు మధ్య. దానికి నేను పేజీన్నర రాశాను, ఎందుకంటే అది మా కొట్టు గురించి అడిగినట్టే అనిపించింది. కానీ ఆ ప్రశ్నకు ఉన్నవి నాలుగు మార్కులే. టైమ్ అక్కడ పోయి, చివరి పది మార్కుల ప్రశ్న సగంలో ఆగింది. మార్కులు చూసుకుని రాయండి, మనకు ఎంత తెలుసో చూసుకుని కాదు.

రెండో పేపర్ 3వ తేదీన. హోటల్ లెక్కలు, మేనేజ్‌మెంట్. నేను అన్నిటికన్నా భయపడింది దీనికే, ఎక్కువ మార్కులు వచ్చిందీ దీంట్లోనే. ఒక లెక్క చెప్తాను. కిలో 240 చొప్పున రెండున్నర కిలోల కోడి కొన్నారు. తోలు, కొవ్వు, మెడ, ఎముకలు పోగా వాడుకునే మాంసం 1 కిలో 750 గ్రాములు. వాడే మాంసం కిలో ఎంత పడింది? 600ను 1.75తో భాగిస్తే 342 రూపాయల 86 పైసలు. మా భాషలో ఇది తరుగు లెక్క. తరుగు పోతుందని మాకు తెలుసు కానీ, కూర ధర పెట్టేటప్పుడు మేము 240 లెక్కనే పెట్టేవాళ్లం. పెన్ను పట్టుకుని ఆ అంకె వైపు కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. బోన్‌లెస్ వేపుడు మీద తొమ్మిదేళ్లుగా ఎంత పోగొట్టుకున్నామో అప్పుడు తెలిసింది.

దాని తర్వాతి ప్రశ్న, ఒక ప్లేటుకు సరుకు ఖర్చు 42 రూపాయలు, అమ్మే ధరలో సరుకు ఖర్చు 35 శాతం దాటకూడదు, ధర ఎంత పెట్టాలి అని. 42ను 0.35తో భాగిస్తే 120. గ్యాసు, అద్దె, కరెంటు, జీతాలు, లాభం అన్నీ ఆ మిగిలిన 65 శాతంలోనుంచే రావాలి. ముందు కొన్న సరుకు ముందు వాడాలన్న పద్ధతి, ఆర్డరు చీటీ ఎన్ని కాపీలు, ఏ కాపీ ఎవరికి అన్నవి కూడా అడిగారు. అవి చదివితే వచ్చేవే.

ప్రాక్టికల్ ఏప్రిల్ 8న. థియరీకి, దీనికి మధ్య నాలుగు రోజులు దొరికాయి. కోడిని కోయడం నాకు రాదు, షాపులో కొట్టి ఇస్తే తెచ్చుకునేదాన్ని. పరీక్షలో కోడి నిండుగా ఇస్తారు, ఎనిమిది ముక్కలుగా కీళ్ల దగ్గర విడదీయాలి. మేం రోజూ కొనే చికెన్ షాపు అన్నను అడిగితే, ఉదయం 6 గంటలకు రమ్మన్నాడు. నాలుగు రోజుల్లో 14 కోళ్లు కోశాను. కాలిని వెనక్కి విరిచి కీలు బయటపడ్డాకే కత్తి పెట్టాలి, ఎముక మీద కొట్టకూడదు. రెండో రోజు చూపుడు వేలు తెగింది. తెగిన వేలికి నీలం రంగు ప్లాస్టర్ వేసి, దాని మీద గ్లౌజు తొడిగితేనే కిచెన్‌లోకి రానిస్తారట. నీలం రంగే ఎందుకంటే అన్నంలో, కూరలో పడితే వెంటనే కనపడాలని. అనంతపురంలో ఆ ప్లాస్టర్ కోసం ఐదు మెడికల్ షాపులు తిరిగాను, దొరకలేదు. చివరికి ఇన్‌స్టిట్యూట్ ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో రెండు ఉంటే మేడమ్ ఇచ్చారు.

ఇంకొకటి ముందే చెప్పాలి. చేతులకు గాజులు, ఉంగరాలు, గోరింటాకు, నెయిల్ పాలిష్ ఏవీ ఉండకూడదు. తాళి కోటు లోపల ఉండాలి. ఉగాదికి వేసుకున్న కొత్త గాజులు ప్రాక్టికల్ రోజు పొద్దున తీస్తుంటే మా అత్త మొహం చిన్నబోయింది. పెళ్లయినప్పటి నుంచి నా చేతులు అలా బోసిగా ఆమె ఎప్పుడూ చూడలేదు. ఏమీ అనలేదు. దేవుడి గూట్లో చిన్న పళ్లెం పెట్టి, గాజులు అందులో పెట్టమంది. "వచ్చినాక నేనే తొడుగుతాను, ఏం బాధపడొద్దు, పోయిరా" అంది. నేను ఆటో ఎక్కాక ఏడ్చాను.

ఉదయం 8కి లోపలికి పంపారు. కోటు, ఏప్రన్, టోపీ, నల్ల బూట్లు, రెండు తుడుపు గుడ్డలు, సొంత కత్తులు చూశారు. గోళ్లు చూశారు. 8:30కి చీటీలు తీయమన్నారు. నలుగురికి సరిపడా మెనూ. నా చీటీలో క్రీమ్ ఆఫ్ టొమాటో సూప్, పుట్టగొడుగులు వేసిన సుప్రీమ్ సాస్‌తో (వెలూటేలో క్రీమ్ కలిపింది) చికెన్, లియోనేజ్ పొటాటో, కారమెల్ కస్టర్డ్. లియోనేజ్ అంటే ఎర్రగడ్డలు వేసిన ఉర్లగడ్డ వేపుడే. అది చూసి కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

పక్క టేబుల్‌లో ఒంగోలు వైపు పిల్లోడికి రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి) వచ్చాయి. వాడు చీటీ చూసి నా వైపు చూశాడు. ఊరిబిండి అన్న పేరే వాడు ఇక్కడికి వచ్చాక విన్నది. నాకు ఆ చీటీ రాలేదని ఒక్క క్షణం కడుపులో మంట లేచింది, నిజం చెప్తున్నాను. తర్వాత ఆలోచిస్తే, అది వచ్చినా అరగంట లోపల గ్రాముల్లో రాయగలిగేదాన్నా అన్నది అనుమానమే.

8:30 నుంచి 9 దాకా స్టవ్ ముట్టుకోకూడదు. రెండు కాగితాలు నింపాలి. ఒకటి ఇండెంట్, అంటే స్టోర్ నుంచి ఏం కావాలో గ్రాములతో సహా. అందులో రాయనిది తర్వాత అడిగితే ఇవ్వరు, ఇచ్చినా మార్కులు కోస్తారు. రెండోది పని వరస, ఏ నిమిషానికి ఏం చేస్తామో. ఈ రెండు కాగితాలకే 20 మార్కులు. సాస్‌కు అర లీటరు ఎముకల నీళ్లు, 25 గ్రాముల వెన్న, 25 గ్రాముల మైదా. కస్టర్డ్‌కు అర లీటరు పాలు, నాలుగు గుడ్లు, 60 గ్రాముల చక్కెర, పాకానికి ఇంకో 80. ఉప్పు 15 గ్రాములు అని రాశాను. తగినంత అని ఎక్కడా రాయలేదు.

కస్టర్డ్ చల్లారాకే గిన్నె బోర్లించగలం కాబట్టి వరసలో దాన్నే మొదట పెట్టాను. 9:50కి ఓవెన్‌లో 160 డిగ్రీలకు, నీళ్ల ట్రేలో పెట్టాను. ఎముకలు ఇంకో స్టవ్ మీద. మంట పెంచకూడదు, తెర్లితే (మరిగితే) నీళ్లు మసకబారిపోతాయి. మాకు అలవాటైంది పెద్ద మంట. చెయ్యి ప్రతి ఐదు నిమిషాలకు నాబ్ మీదికే పోయేది.

10:10కి కరెంటు పోయింది. ఓవెన్లన్నీ ఆగిపోయాయి. ఏప్రిల్ ఎండ, ఫ్యాన్లు లేవు, ఎనిమిది గ్యాస్ స్టవ్‌లు మండుతున్నాయి. కస్టర్డ్‌లూ కేకులూ ఓవెన్‌లో ఉన్నవాళ్లు ఐదుగురం. జనరేటర్ లైట్లకే గానీ ఓవెన్‌కు సరిపోదని చెప్పారు. పది నిమిషాలు చూశాను. కస్టర్డ్ ఇంకా నీళ్లలాగే ఉంది. ఓవెన్ తలుపు మూసుకుని కూర్చుంటే గుడ్డు, పాలు అలాగే గోరువెచ్చగా ఉండిపోతాయి, అది ఇంకా ప్రమాదం. అక్కడ పెద్ద ఇడ్లీ పాత్ర కనిపించింది. "సార్, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పెట్టుకోవచ్చా" అని ఎక్స్‌టర్నల్ సార్‌ను (బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్) అందరికీ వినపడేలా గట్టిగానే అడిగాను. పరీక్షలో ఒకరికొకరు చెప్పుకోకూడదు, కానీ నేను అడిగింది వింటే మిగతావాళ్లకూ ఆలోచన వస్తుందని. ఆయన పెట్టుకోమన్నారు. గిన్నెల మీద ఫాయిల్ మూసి, పాత్ర మూతకు గుడ్డ చుట్టాను, ఆవిరి చుక్కలు కస్టర్డ్ మీద పడకుండా. సన్నటి మంట. 10:50కి కరెంటు వచ్చినా తీయలేదు. మొత్తం 35 నిమిషాలు. వెనక ఇద్దరు పిల్లలు కూడా కుక్కర్లు తెచ్చుకుని వెయిట్ తీసేసి అలాగే పెట్టారు.

కోడి కోయడం అనుకున్న దానికన్నా బాగా జరిగింది. సూప్ వడకట్టి, సాస్‌లో క్రీమ్ కలిపి, రుచి చూశాను. అక్కడే తప్పు చేశాను, చేసినట్టు నాకే తెలియలేదు. గరిటెతో ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకాను. తొమ్మిదేళ్లుగా రోజుకు ఇరవైసార్లు చేసేది అదే. రుచికి వేరే స్పూను తీసుకోవాలి, వాడిన స్పూను పక్కన పడేయాలి, చెయ్యి నోటికి తగిలితే కడుక్కోవాలి. అన్నీ చదివాను, థియరీలో రాశాను కూడా. ఎక్స్‌టర్నల్ సార్ నా వెనకే ఉన్నారు. ఏమీ అనకుండా తన కాగితం మీద ఏదో రాసుకున్నారు. పదికి నాలుగు మార్కులు అక్కడ పోయాయని తర్వాత మేడమ్ చెప్పారు.

12:45కి ప్లేట్లు పెట్టాం. వేడిగా ఉండాల్సినవి వేడి ప్లేట్లలో పెట్టాలి. ముందే ప్లేట్లు వేడినీళ్లలో ముంచి తుడిచి ఉంచుకున్నందుకు నాకు మంచే జరిగింది. సార్ చికెన్ ముక్కలోకి థర్మామీటర్ దించి చూశారు, 78 ఉంది. 74 దాటితే చాలు. కస్టర్డ్ నాలుగూ విరగకుండా వచ్చాయి, కానీ రెండింటికి పక్కన చిన్న చిన్న రంధ్రాలున్నాయి. ఎందుకొచ్చాయని అడిగారు. చివర్లో నీళ్లు తెర్లాయి సార్, వేడి ఎక్కువై గుడ్డు బిగుసుకుని లోపల బుడగలు కట్టాయి అన్నాను. ఆవిరి మీద పెట్టాలని ఎలా తోచిందన్నారు. రోజూ ఇడ్లీలు పెడతాను సార్ అన్నాను. తల ఊపారు. ఆ తల ఊపు కోసం ఏడాది కష్టపడినట్టనిపించింది.

వండడం అయ్యాక మన స్టవ్, టేబుల్, సింక్ మనమే కడగాలి. దానికీ మార్కులుంటాయి. చాలామంది ప్లేట్లు పెట్టేసి అయిపోయిందని కూర్చుంటారు. ఇంటికొచ్చేసరికి 3 అయింది. మా అత్త అన్నం కూడా పెట్టకుండా ముందు గాజులే తెచ్చి తొడిగింది.

9వ తేదీ సర్వీస్, వైవా (నోటి పరీక్ష). టేబుల్ సర్దడం, ఆర్డరు తీసుకోవడం, వడ్డించడం. ఫోర్కులు ఎడమ, కత్తులు కుడి, కత్తి పదును లోపలికి, నీళ్ల గ్లాసు కత్తి కొసకు ఎదురుగా. విస్తరి వేస్తే కొస ఎడమ వైపుకు రావాలని మనకు ఎలా పట్టింపు ఉంటుందో, వాళ్లకు ఇవీ అంతే. నాకు మాట్లాడటం కష్టమైంది. కర్రీ పాయింట్‌లో "ఏం కావాలన్నా" అంటే సరిపోతుంది. ఇక్కడ కూర్చున్న అతిథికి మెనూ ఇచ్చి, ప్రతి వంట ఏమిటో చెప్పి, ఆర్డరు మళ్లీ చదివి వినిపించాలి. గొంతు వణికింది.

అతిథిగా కూర్చున్న సార్ అడిగిన ప్రశ్న మాత్రం నేను మర్చిపోలేను. "నాకు వేరుశనగ పడదమ్మా, ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి, ఊపిరాడదు. మీ మెనూలో నేను ఏం తినొచ్చు?" సంగటి తినండి అనబోయి ఆగాను. పక్కన పెట్టే ఊరిబిండిలో చెనిక్కాయలు. వంకాయ కూరలో చెనిక్కాయ పొడి. చట్నీలో అదే. ఉగ్గాణి (బొరుగుల ఉప్మా) తాలింపులో కూడా. అవన్నీ దాటాక, మేం వాడే గానుగ నూనె కూడా చెనిక్కాయలదే కదా అని గుర్తొచ్చింది. మా జిల్లాలో చెనిక్కాయ తగలని వంట చెప్పమంటే నాకు నోట మాట రాలేదు. చివరికి, "వేరే నూనెతో, వేరే బాణలిలో, కడిగిన గరిటెతో పెసరపప్పు చారు, అన్నం, పెరుగు ఇస్తాను సార్. పది నిమిషాలు పడుతుంది, వంటగదిలో నేనే నిలబడి చూసుకుంటాను" అన్నాను. వేరే బాణలి అన్న మాటకు మార్కులు పడ్డాయని తర్వాత తెలిసింది.

వైవా ఎనిమిది నిమిషాలు. మధ్యాహ్నం మిగిలిన అన్నం రాత్రికి ఏం చేస్తారన్నారు. చిత్రాన్నం చేస్తాం అన్నాను. వండిన అన్నంలో ఏ క్రిమి బతికి ఉంటుందన్నారు. బాసిల్లస్ సీరియస్. వండినా దాని బీజాలు చావవు, అన్నం గంటలకొద్దీ బయట ఉంటే అవి పెరిగి విషం చేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. చెప్తుంటే నా చెవులకే నా మాటలు కొత్తగా వినిపించాయి. అయితే ఏం చేయాలన్నారు. వెడల్పాటి ట్రేలో పల్చగా పరిచి తొందరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే అమ్మకూడదు అన్నాను. "ఇక ముందు అలాగే చేయండి" అని పంపేశారు.

ఫలితాలు 15 రోజుల్లో అన్నారు. 35 రోజులైంది. ఏప్రిల్ 25 నుంచి రోజూ ఫోన్ చేసేదాన్ని. క్యాంటీన్ టెండరుకు ఆఖరు తేదీ ఏప్రిల్ 30. కోర్సు పూర్తయింది, ఫలితం రావాలి అని లెటర్ ఇస్తే చాలని అక్కడ చెప్పారు. ఆ లెటర్ కోసం మూడుసార్లు తిరిగాను. సంతకం పెట్టాల్సినవాళ్లు ఊళ్లో లేరన్నారు. ఏప్రిల్ 30 దాటిపోయింది. ఆ రాత్రి మా ఆయన ఏం మాట్లాడలేదు, కొట్టు షట్టరు వేసి తాళం నా చేతికిచ్చాడు. ఇంకో ఏడాది ఆగాలి. ఈ కోపం నాకు ఇంకా తగ్గలేదు. టెండరు తేదీలు ఉన్నవాళ్లు ఆ లెటర్‌ను ప్రాక్టికల్ అయిన రోజే అడిగి తీసుకోండి.

ఆ ఎదురుచూసిన రోజుల్లోనే నేను, మా అత్త కొట్టు వంటలు తూచడం మొదలుపెట్టాం. ఆమె ఎప్పటిలాగే చేత్తో వేస్తుంది, వేసే ముందు నేను గిన్నెను మెషిన్ మీద పెడతాను. నలుగురికి సంగటి: బియ్యం 200 గ్రాములు, రాగిపిండి 240, నీళ్లు లీటరు 300. మూడు రోజులు వరుసగా తూచినా ఆమె చెయ్యి పది గ్రాములకు మించి తేడా రాలేదు. పుస్తకంలో ఇప్పటికి 19 వంటలు రాశాను. పై పేజీలో పేరు ఆమెదే రాశాను.

మార్కులు: థియరీ మొదటిది 61, లెక్కల పేపర్ 78, ప్రాక్టికల్ 72, సర్వీస్, వైవా కలిపి 66. పాసవ్వాలంటే మాకు ప్రాక్టికల్‌లో 60, థియరీలో 40 రావాలి. ఒంగోలు పిల్లోడికి ప్రాక్టికల్‌లో 64. సంగటి ఉండలు కట్టిందట, కానీ ఇండెంట్ కాగితం తప్పు లేకుండా రాశాడు. 22 మందిలో 17 మంది పాసయ్యాం. ఫెయిలైన ఐదుగురిలో ముగ్గురు రుచిగా వండేవాళ్లే, పని వరస రాసే కాగితంలో పోయారు.

ఖర్చు, కోర్సు ఫీజు కాకుండా: పరీక్ష ఫీజు 1,800, రెండు జతల కోట్లు, ఏప్రన్లు 1,700, కత్తులు 1,250, బూట్లు 950, తూకం మెషిన్ 450, నోటరీ 350, రికార్డు బైండింగ్, జిరాక్సులు 320, మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ 200, మెమోకు 200. మొత్తం 7,220 రూపాయలు. ఇవి కాక నాలుగు మధ్యాహ్నాలు కొట్టు మూసిన నష్టం.

ఒరిజినల్ సర్టిఫికెట్ మూడు నెలల్లో వస్తుందన్నారు. మెమోను లామినేషన్ చేయించొద్దని ఆఫీసులో చెప్పారు, చేయిస్తే టెండర్లకు ఒప్పుకోరట. ప్లాస్టిక్ కవర్లో పెట్టి అఫిడవిట్‌తో పాటు బీరువాలో పెట్టాను.